ఒక పొరా, రెండు పొరలా: ఓరుగల్లు అడవికి ఏ ఊయల?

లక్నవరం గట్టు మీద, పాకాల చెరువు పక్కన, బొగతకు వెళ్లే దారిలోని విడిదుల్లో రెండు చెట్ల మధ్య కట్టిన నైలాన్ ఊయలలు ఇప్పుడు మామూలు దృశ్యం. హామక్ పేరుతో ఆన్‌లైన్‌లో అమ్మే వీటిని కొనబోయేవారిని మొదట ఆపేది ఒకటే ప్రశ్న: సింగిల్ లేయర్ తీసుకోవాలా, డబుల్ లేయరా? రెండు పొరలుంటే రెట్టింపు బలమనీ, రెట్టింపు వెచ్చదనమనీ అమ్మకపు రాతలు చెబుతాయి. రెట్టింపు వెచ్చదనం నిజం కాదు. రెట్టింపు బలం కూడా అన్ని వేళలా నిజం కాదు. రెండో పొర వల్ల వచ్చే అసలు లాభం, ఆ రెండు బట్టల మధ్య ఏర్పడే జేబు. అందులో పరుపో గొంగడో పెట్టి పడుకునేవారికి ఆ పొర ఎంతో పనికొస్తుంది. ఏమీ పెట్టనివారికి అది అదనపు బరువు, వేసవిలో అదనపు ఉక్క.

ఈ విషయంలో దొరికే సలహాల్లో ఎక్కువ భాగం చలి దేశాల నుంచి వచ్చినవే. వరంగల్, ములుగు, భూపాలపల్లి, ఆదిలాబాద్ ప్రాంతాల లెక్క వేరు. ఇక్కడ మే నెలలో పగలు 43, 44 డిగ్రీల ఎండ కాస్తే రాత్రి కూడా 28 దాకా ఉంటుంది. జులైలో బట్ట ఆరదు. డిసెంబరు వచ్చేసరికి ఆసిఫాబాద్ వైపు ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు పడిపోతుంది. ఒకే ఊయల ఈ మూడు కాలాలకూ సమానంగా సరిపోదు. కాబట్టి ఏ కాలంలో, ఏ తావుకు వెళ్తారన్నది ముందు తేల్చుకోవాలి. పొరల లెక్క ఆ తర్వాత దానంతటదే తేలుతుంది.

టెంటు ఉండగా ఊయల ఎందుకన్న ప్రశ్నకు మన అడవే జవాబు చెబుతుంది. ఇక్కడి నేల చాలాచోట్ల రాళ్లూ మొరమూ. వాన కురిస్తే నిమిషాల్లో నీరు పారుతుంది. తేళ్లు, జెర్రులు సరేసరి. వీటన్నిటికంటే ప్రమాదం కట్లపాము. అది రాత్రిపూట తిరుగుతుంది, దాని కాట్లలో ఎక్కువ భాగం నేల మీద నిద్రపోయేవారికే పడతాయి. నొప్పి పెద్దగా తెలియకపోవడంతో కాటు వేసిన సంగతే చాలామందికి వెంటనే తెలియదు. నేల నుంచి అడుగున్నర ఎత్తున, చుట్టూ దోమతెరతో పడుకుంటే ఆ ముప్పు చాలావరకు తప్పుతుంది.

చలి కింది నుంచి వస్తుంది

ఎండాకాలం వాకిట్లో నులక మంచం వేసుకుని పడుకునేది కింది నుంచి కూడా గాలి ఆడుతుందనే. అదే మంచం మీద చలికాలంలో బొంత పరచకపోతే పైన ఎన్ని చద్దర్లు కప్పుకున్నా వీపు వణుకుతుంది. ఊయలలో జరిగేదీ అదే, కాకపోతే ఇంకా ఎక్కువగా. సన్నని నైలాన్ బట్ట వీపుకు అతుక్కుని ఉంటుంది, దాని కింద గాలి అడ్డులేకుండా వీస్తుంది. ఒంటి వేడి బట్టలోంచి బయటికి పోతుంటే గాలి దాన్ని ఎప్పటికప్పుడు తీసుకుపోతుంది. వెచ్చని స్లీపింగ్ బ్యాగు ఉన్నా కింది వైపు అది పెద్దగా ఆదుకోదు. అందులోని దూది గానీ ఈకలు గానీ వెచ్చదనాన్ని ఇచ్చేది వాటి మధ్య చిక్కుకున్న గాలి వల్ల. మనిషి బరువు కింద అవి నలిగిపోగానే ఆ గాలి బయటికి పోతుంది.

మరి రెండో పొర ఈ చలిని ఆపుతుందా? దాదాపు ఆపదు. మనిషి పడుకోగానే రెండు బట్టలూ ఒకదానికొకటి అంటుకుపోతాయి. మధ్యలో నిలవాల్సిన గాలి ఉండదు. గాలి నేరుగా దూసుకురావడం కాస్త తగ్గుతుంది, అంతే. నైలాన్ పొర మందం మిల్లీమీటరులో పదో వంతు ఉంటుంది. అలాంటివి రెండు కలిసినా చలికి లెక్క కాదు. రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీల దిగువకు వస్తే ఊయలలో చాలామందికి నడుము కింద, భుజాల కింద చలి మొదలవుతుంది. వరంగల్ చుట్టుపక్కల నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి మొదటి వారాల దాకా ఇంచుమించు ప్రతి రాత్రీ ఆ గీత దాటుతుంది. చెరువు గట్టున అయితే నీటి మీదుగా వచ్చే గాలి ఆ చలిని ఇంకా పెంచుతుంది. ఆదిలాబాద్, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాల్లో కొన్ని రాత్రులు ఐదారు డిగ్రీలకు కూడా దిగుతుంది. అక్కడ వట్టి రెండు పొరల బట్టను నమ్ముకుని పడుకోవడం ఆరోగ్యానికే చేటు.

జేబు పని మొదలయ్యేది ఇక్కడే. అందులోకి ఫోము పరుపు తోస్తే, నలగకుండా గాలిని పట్టి ఉంచే పొర ఒకటి వీపుకూ బయటి గాలికీ మధ్య నిలుస్తుంది. ఒక పొర ఊయలలో కూడా పరుపు వేసుకోవచ్చు గానీ పక్కకు తిరిగిన ప్రతిసారీ అది జారుతుంది. అర్ధరాత్రి దాటేసరికి పరుపు కాళ్ల దగ్గరికి చేరి, వీపు మళ్లీ చలికి దొరుకుతుంది. రెండు పొరల మధ్య పెడితే పరుపు కదలదు. ఒళ్లు ఫోముకు నేరుగా తగలదు కాబట్టి చెమట జిగటా తక్కువే.

పరుపుతో ఒక చిక్కు ఉంది. బజారులో దొరికే మ్యాట్లు ఎక్కువగా 50 నుంచి 60 సెంటీమీటర్ల వెడల్పువే. ఊయల బట్ట పక్కల నుంచి పైకి లేచి భుజాలను చుట్టుకుంటుంది. అంత సన్నని మ్యాటు వీపును కాపాడుతుంది గానీ భుజాలు బయటే మిగిలిపోతాయి. చలికాలంలో నిద్ర చెడేది చాలాసార్లు ఈ భుజాల చలి వల్లే. గాలి నింపే పరుపు వాడేవారు దాన్ని సగమే నింపాలి. గట్టిగా నింపితే అది ఊయల వంపుకు ఒదగదు, మనిషిని ఒక పక్కకు తోసేస్తుంది.

ఈ చిక్కుకు మన ప్రాంతంలోనే మంచి జవాబుంది. దక్కనీ గొర్రెల ముతక ఉన్నితో కురుమలు నేసే గొంగడి. చింతగింజల గంజి పెట్టి బిగువు తెచ్చే ఆ నేత, బరువు పడినా దూదిలా అణగారిపోదు. ముతక వెంట్రుకలు తమ మధ్య గాలిని వదలవు. మంచుకు కాస్త తడిసినా ఉన్ని వెచ్చగానే ఉంటుంది. గొర్రెల కాపరులు వానలో, చలిలో రాత్రుళ్లు దాన్నే కప్పుకుని కాలం గడిపారంటే ఊరికే కాదు. గొంగడికి రెండు లోపాలున్నాయి. ఒంటికి గుచ్చుకుంటుంది, మోయడానికి బరువు. రెండు పొరల ఊయల మొదటి లోపాన్ని పూర్తిగా తీర్చేస్తుంది. గొంగడిని మడిచి మధ్యలో పరిస్తే నైలాన్ నునుపే ఒంటికి తగులుతుంది. పైగా అది భుజాల దాకా వెడల్పుగా వస్తుంది, మ్యాటు చేయలేని పని చేస్తుంది. బండి మీద, కారులో వెళ్లేవారికి బరువు బెంగ ఎలాగూ లేదు. ఉత్తర తెలంగాణ చలికాలానికి ఇంతకంటే అమరిన జత మరొకటి లేదని గట్టిగా చెప్పవచ్చు.

వరంగల్ కొత్తవాడలో నేసే జంపఖానా (దర్రీ) సంగతీ కొందరు అడుగుతారు. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నేలమీద పరచడానికి వాటికి సాటి లేదు. కానీ అది నూలు. మంచును పీల్చుకుంటుంది, తడిస్తే వేడిని నిలపదు, బరువు కింద పలచబడుతుంది. ఊయల జేబులో దానికి చోటు లేదు.

రెండో పొర అక్కర్లేకుండా చలిని ఆపే పద్ధతి కూడా ఒకటుంది. సన్నని రజాయిని ఊయలకు కింది వైపు ఎలాస్టిక్ తాళ్లతో వేలాడదీయడం. మనిషి బరువు దాని మీద పడదు కాబట్టి రజాయి పొంగు పొంగులాగే ఉంటుంది, గాలిని పట్టి ఉంచుతుంది. దీన్నే అండర్‌క్విల్ట్ పేరుతో అమ్ముతారు. వెచ్చదనంలో పరుపు కంటే ఇది మేలు, భుజాల దాకా వస్తుంది, చెమట పట్టదు. దానికీ ఊయల అడుగుకూ మధ్య సందు లేకుండా బిగించడమే కిటుకు. నాలుగు వేళ్ల సందు ఉన్నా చలిగాలి అందులో దూరి, వేసిన రజాయి వేయనట్టే అవుతుంది. ఇది కొనుక్కున్నవారికి ఒక పొర ఊయల చాలు.

దోమ సూదికి రెండు పొరలు అడ్డమా?

వెచ్చదనం తర్వాత రెండో పొరకు చెప్పే పెద్ద కారణం దోమలు. ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు. ములుగు, భూపాలపల్లి, భద్రాచలం ఏజెన్సీల్లో మలేరియా ఇంకా పూర్తిగా పోలేదు. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని గుర్తించింది మన సికింద్రాబాద్‌లోనే. నూటపాతికేళ్లు దాటినా ఆ దోమ తెలంగాణ అడవి పల్లెలను వదల్లేదు.

దోమ తొండం రెండు మిల్లీమీటర్ల పైచిలుకు పొడవుంటుంది. సన్నని నైలాన్ బట్ట వీపు మీద బిగుసుకున్నప్పుడు పోగుల సందులోంచి అది సులువుగా దిగుతుంది. పైన తెర కట్టుకుని హాయిగా పడుకున్నవారికి తెల్లారి నడుము మీద, తొడల వెనక దద్దుర్లు కనిపించేది ఇందుకే. రెండో పొర ఉంటే పోగుల సందులు ఒకదానికొకటి సరిపోలవు, తొండం రెండు బట్టలు దాటాలి. కాట్లు తగ్గుతాయి గానీ పూర్తిగా ఆగవు. మధ్యలో పరుపో గొంగడో ఉన్నంత మేర మాత్రం కింది నుంచి కాటు పడదు. ఇక్కడా గెలిచేది జేబే.

అయితే దోమల విషయంలో నిర్ణయం అసలు ఊయల మీద కాదు, తెర మీద ఆధారపడుతుంది. కొన్ని ఊయలలకు తెరను అంచులకే కలిపి కుట్టి, జిప్పు పెడతారు. అందులో పైభాగానికే రక్షణ. అడుగు బట్ట బయటికి తెరుచుకునే ఉంటుంది. అలాంటిది కొంటే రెండు పొరలది కొనడమే మంచిది. మరోరకం తెర ఊయలను మొత్తంగా, కింది వైపు కూడా కలుపుకుని చుట్టేస్తుంది. ఆ తెర అడుగున నాలుగైదు అంగుళాలు వదులుగా వేలాడితే దోమ ఒంటిదాకా రాలేదు, అప్పుడు ఒక పొర సరిపోతుంది. వేసవిలో, వానాకాలంలో ఒక పొర ఊయలకు ఇలాంటి చుట్టుతెరే సరైన జోడి. పగటి నిద్రకు కూడా తెర దించుకోవడం మరవకూడదు. డెంగీని మోసే ఏడిస్ దోమ కుట్టేది పగలే, మరీ ముఖ్యంగా పొద్దున, సాయంత్రం.

పర్మెత్రిన్ అనే మందును బట్టకు పట్టించి దోమల్ని ఆపే పద్ధతి కూడా వాడుకలో ఉంది. బట్టల కోసమే తయారుచేసిన, అర శాతం గాఢత ఉన్న మందును పిచికారీ చేసి, పూర్తిగా ఆరనిచ్చి వాడతారు. చేపలకు అది విషం. అలాంటి బట్టను లక్నవరంలోనో పాకాలలోనో జాడించకూడదు, ఆ చెరువుల చేపల మీద బతికే కుటుంబాలున్నాయి. పత్తి చేలకు కొట్టే సైపర్‌మెత్రిన్ వంటి పురుగుమందులు ఇంట్లో ఉన్నాయి కదా అని పడుకునే బట్టకు పట్టించడం మరీ ప్రమాదం. పంట మందులో కలిపే ద్రావణాలు, వాటి గాఢత ఒంటికి తగలడానికి చేసినవి కావు. ఆ పని ఎవరూ చేయవద్దు.

బలం బట్టలో ఎంత, పట్టీలో ఎంత

రెండు పొరలు తెగవన్న నమ్మకంతో బరువైన మనుషులు, పిల్లలను పక్కన పెట్టుకుని పడుకునే తల్లిదండ్రులు డబుల్ లేయర్ కొంటారు. నమ్మకంలో కొంత నిజముంది. రెండు బట్టలనూ ఒకే కొలతకు కత్తిరించి కుడితే బరువును సమానంగా పంచుకుంటాయి, సాగుడు తగ్గుతుంది, పడక గట్టిగా ఉంటుంది. ఒకటి ముల్లు గుచ్చుకుని చిరిగినా రెండోది ఆపుతుంది. మన అడవుల్లో ముళ్లకు కొదవ లేదు కాబట్టి ఇది చిన్న లాభమేమీ కాదు. కానీ కొలతలో ఒక పొర అరంగుళం బిగువైతే బరువంతా దాని మీదే పడుతుంది, రెండోది ఊరికే వేలాడుతుంది. చవక సరుకులో ఇది తరచూ కనిపించే లోపం. పైగా ఒకటైనా మందపాటి బట్ట, రెండు పలచని పొరల కంటే తక్కువదేమీ కాదు. చదరపు మీటరుకు 65 గ్రాములున్న ఒక పొరా, 35 గ్రాములున్న రెండు పొరలూ బరువులో దాదాపు సమానం. కొనేముందు పొరల సంఖ్య కంటే ఈ గ్రాముల లెక్క అడగాలి.

బట్ట తెగి పడిపోయినవారు అరుదు. పడిపోయేది ముడి జారి, ఊయలను చెట్టుకు కట్టే పట్టీ తెగి, కొక్కెం విరిగి, లేదా చెట్టే లొంగి. దానికి కారణం ఊయలను మరీ బిగించి కట్టడం. పట్టీ నేలకు సమాంతరమైన గీతతో 30 డిగ్రీల కోణం చేసేలా వదులుగా కడితే, 70 కిలోల మనిషి పడుకున్నప్పుడు ఒక్కో వైపు పట్టీ మీద పడే లాగుడు 70 కిలోలే. 15 డిగ్రీలకు బిగిస్తే 135 కిలోలవుతుంది. 10 డిగ్రీలకు 200 దాటుతుంది. దాదాపు అడ్డంగా, 5 డిగ్రీలకు లాగి కడితే 400 కిలోలు. మనిషి అదే, ఊయల అదే, మారిందల్లా కోణం. ఎక్కేటప్పుడు ధబాలున కూర్చుంటే ఆ లాగుడు ఇంకా పెరుగుతుంది. బిగించి కడితే చదునుగా పడుకోవచ్చనుకోవడం పొరపాటు. వదులుగా కట్టి, తలా కాళ్లూ రెండు పక్కలకు వచ్చేలా కొంచెం ఐమూలగా పడుకుంటే వీపు చదునుగా వస్తుంది. ఇందుకు ఊయల పొడవు కనీసం 10 అడుగులుండాలి. ఆరడుగుల మనిషికి 11 అడుగులది నయం.

పట్టీలు పాలిస్టర్‌వి కావాలి. నైలాన్ బరువుకు సాగుతుంది, తడిస్తే మరింత సాగుతుంది. రాత్రి మంచుకు తడిసిన నైలాన్ తాడు తెల్లారేసరికి మనిషిని నేలకు ఆనించేస్తుంది. పట్టీ అంగుళం కంటే సన్నగా ఉండకూడదు. బావి తాడో, టార్పాలిన్ తాడో కడితే బెరడును కోసేస్తుంది, ఆ గాయం చెట్టుకు ఏళ్ల తరబడి మానదు.

చెట్టు ఎంపికలో మన ప్రాంతానికే చెందిన కొన్ని జాగ్రత్తలున్నాయి. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో వీచిన పెనుగాలికి వేలాది చెట్లు వేళ్లతో సహా కూలాయి. పచ్చగా ఉన్న పెద్ద చెట్టు కదా అని ధీమా పడకూడదని ఆ ఒక్క సాయంత్రం చూపించింది. ఈదురుగాలుల సూచన ఉన్న రోజున అడవిలో ఊయల కట్టనే కూడదు. మిగతా రోజుల్లోనూ పైన ఎండు కొమ్మలు లేని, బోదె కనీసం జానెడు మందమున్న, బతికున్న చెట్టునే ఎంచుకోవాలి. తేనెతుట్టె ఉన్న చెట్టు జోలికి పోకూడదు. మామిడి తోటల్లో ఆకులు కలిపి గూళ్లు కట్టే ఎర్రచీమలు పట్టీ వెంబడే ఊయలలోకి దిగుతాయి. తాటి బోదె గరుకుకు పట్టీలు అరిగిపోతాయి. ఇప్ప చెట్టు సంగతి వేరు. పూలు రాలే మార్చి, ఏప్రిల్ నెలల్లో వాటి కోసం ఎలుగుబంట్లు రాత్రిళ్లే వస్తాయి, తెల్లవారుజామున పూలేరుకునే ఊరివాళ్లు వస్తారు. ఆ రెండు నెలలూ ఇప్ప చెట్టు వాళ్లది, ఎలుగులది. ఏటూరునాగారం, పాకాల అభయారణ్యాల్లోనూ కవ్వాల్ పులుల అభయారణ్యంలోనూ అటవీశాఖ అనుమతి లేకుండా రాత్రి ఉండటం నేరమని వేరే చెప్పనక్కర్లేదు.

వాన, ఉక్క, బరువు

వానాకాలంలో రెండు పొరలకు ఉన్న లోపం తడి. మధ్యలో చేరిన నీరు బయటికి పోదు. పై బట్ట ఆరినట్టే ఉంటుంది, పడుకున్నాక లోపలి చెమ్మ వీపుకు తెలుస్తుంది. గాలి ఆడే చోట ఒక పొర గంటలో ఆరితే రెండు పొరలది పూటంతా తీసుకుంటుంది. తడిగా మడిచి సంచిలో కుక్కితే రెండు రోజుల్లో ముక్కిపోయిన వాసన వస్తుంది. ఈ కాలంలో ఊయల కంటే ముఖ్యం తావు. 2023 జులై 27 ఉదయానికి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది, చుట్టుపక్కల వాగులు ఊళ్ల మీదికి వచ్చాయి. వాగు ఒడ్డున చల్లగా ఉందని ఊయల కట్టేవారు, పైన ఎక్కడో కురిసిన వాన రాత్రికి రాత్రే కిందికి వస్తుందని గుర్తుంచుకోవాలి.

వేసవికి ఇంత వివరం అవసరం లేదు. ఒక పొరే మేలు. చెమట ఆరుతుంది, గాలి తగులుతుంది. పగలు ఎండలో కట్టి వదిలేస్తే నైలాన్ క్రమంగా బలం కోల్పోతుంది కాబట్టి వాడనప్పుడు విప్పి పెట్టాలి.

బరువు గురించి ఆన్‌లైన్ సలహాలు చాలా హడావుడి చేస్తాయి. ఒక పొరది పట్టీలు కాకుండా మూడు నుంచి ఐదు వందల గ్రాములు, రెండు పొరలది ఆరు నుంచి తొమ్మిది వందల గ్రాముల దాకా ఉంటుంది. అమెరికాలో అపలాచియన్ ట్రయల్ లాంటి మూడున్నర వేల కిలోమీటర్ల దారిని నెలల తరబడి నడిచేవారికి ఆ మూడు వందల గ్రాములు నిజంగానే భారం. హనుమకొండ నుంచి బండి మీద రామప్పకో లక్నవరానికో వెళ్లి, ఆపిన చోటు నుంచి కొంత దూరం నడిచేవారికి అది లెక్కలోకి రాదు. మన కొనుగోలుదారులు బరువు చూసి నిర్ణయం తీసుకోనవసరం లేదు.

కొనేటప్పుడు తేల్చుకోవాల్సింది మరొకటుంది. డబుల్ అని రాసి ఉన్నవాటిలో చాలావరకు ఇద్దరు పట్టేంత వెడల్పువే తప్ప రెండు పొరలవి కావు. వివరాల్లో పొరల మాట విడిగా ఉందో లేదో చూడాలి. రెండు పొరలే అయినా అంచులన్నీ కుట్టేసి ఉంటే జేబు లేనట్టే, పరుపు దూర్చే దారే ఉండదు. ఒక పక్కన మూడడుగులైనా తెరిచి, వెల్క్రోతోనో జిప్పుతోనో మూసుకునే వీలున్నదే కొనాలి. ఆ తెరిచిన చోట కుట్టు చివరలను రెండుమూడు సార్లు తిప్పి కుట్టారా అని కూడా చూడాలి, చిరుగు మొదలయ్యేది అక్కడే. జేబు వెడల్పు తమ మ్యాటుకు, గొంగడి మడతకు సరిపోతుందో లేదో ముందే కొలుచుకోవడం మంచిది.

వీటన్నిటినీ బట్టి చూస్తే, ఒకటే ఊయల కొనగలిగిన వరంగల్ వాసికి ఒక పొరది, మందపాటి బట్టతో, చుట్టుతెరతో కలిపి తీసుకోవడం సరైన ఎంపిక. ఏడాదిలో ఎనిమిది నెలలు మన వాతావరణానికి కావాల్సింది గాలీ, త్వరగా ఆరే గుణమూ. అంచులకు కుట్టిన తెర ఉన్న ఊయలే నచ్చినవారు, తొంభై కిలోలు దాటినవారు, డిసెంబరు, జనవరి సెలవుల్లోనే ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు వెళ్లే అలవాటున్నవారు రెండు పొరలది తీసుకుని, దానితోపాటే జేబులో పెట్టే వస్తువును కూడా అదే రోజున కొనాలి. ఇంట్లో గొంగడి ఉంటే ఆ ఖర్చూ మిగులుతుంది.

ఇప్పటికే ఒక పొర ఊయల ఉన్నవారు చలికాలం కోసం కొత్తది కొనక్కర్లేదు. అదే రకం సన్నని నైలాన్ బట్ట మీటర్ల లెక్కన తెచ్చి, అడుగు వైపు భుజాల నుంచి మోకాళ్ల దాకా వచ్చేలా మంచి దర్జీతో కుట్టించుకుంటే చాలు. కుట్టు బట్ట అంచు మడత మీదే పడాలి. బరువు మోసే నడిమి బట్టకు సూది తగలనివ్వకూడదు, ఆ రంధ్రాల వెంబడే చిరుగు సాగుతుంది. కొత్త బట్టను ఊయల కంటే నాలుగు వేళ్లు వదులుగా వదిలితే బరువు దాని మీద పడదు, గొంగడికి కావాల్సిన చోటూ దొరుకుతుంది. తల వైపు కొస తెరిచి ఉంచితే గొంగడిని తీసి ఆరేసుకోవడం సులువు.